న్యాయవిద్యయు, పల్నాటి పల్లెయు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



సత్తెనపల్లి చుట్టుప్రక్కల పల్లెలలో ప్రామిసరీ నోటు ఎరుగని రైతు లేడు. మిరపతోటకు పెట్టుబడి కావలసినను, ఆడపిల్ల పెండ్లి వచ్చినను, కాగితముమీద స్టాంపు అంటించి, దానిమీదుగా సంతకము చేసి ఇచ్చుట ఇక్కడి వాడుక. ఆ నోటునకు మూడు సంవత్సరములు ఆయువు. మూడవ యేడు నిండవచ్చుచుండగా అప్పిచ్చినవాడు కబురు చేయును. బాకీదారు వచ్చి, ఎంతో కొంత సొమ్ము ముట్టజెప్పి, నోటు వెనుక 'చెల్లు' వ్రాసి, తేదీ వేసి సంతకము చేయును. అంతటితో నోటునకు మరల మూడేండ్ల ప్రాణము వచ్చును. అట్లు చేయనిచో ఆ నోటునకు 'కాలదోషము పట్టినది' అందురు. బాకీ నిజమే, సంతకము నిజమే, ఇచ్చినవానికిగాని పుచ్చుకొన్నవానికిగాని అనుమానము లేదు. అయినను గడువు దాటినదని కోర్టు దావాను కొట్టివేయును.

ఈ నియమము 1963 నాటి కాలపరిమితి చట్టములో ఉన్నది. న్యాయకళాశాల విద్యార్థి దానిని వల్లెవేసి పరీక్ష వ్రాయును. అక్షరము ముక్క రాని ముసలి రైతు అదే నియమమును వ్రేళ్ళమీద లెక్కించి చెప్పగలడు. చట్టము పల్లెటూరివారికి అర్థము కానిదనుట ఎంత పొరపాటో ఈ ఒక్క నోటును చూచిన తెలియును. తన సొమ్ము, తన పొరుగువాడు, తన ఊరి పెద్దమనుషులు - ఇంతవరకు పల్లెకు చట్టము బాగుగనే తెలియును. ఎదుటి పక్షము సర్కారైనప్పుడు మాత్రము, గడువు ఎప్పుడు మొదలైనదో ఎప్పుడు ముగిసినదో ఆ రైతునకే తెలియకపోవును. న్యాయశాస్త్రమును, ప్రభుత్వ విధానమును చదువుటవలన గ్రామమునకు కలుగు లాభమేమని అడిగినచో, సమాధానమును ఈ తావుననే వెదకవలసియుండును.

పల్నాటి అడవుల కథ అందరు ఎరిగినదే కాని, అందులోని చట్టపు భాగమును చెప్పుకొనువారు తక్కువ. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చెను. ప్రభుత్వము ఒక ప్రాంతమును రిజర్వు అడవి చేయదలచినచో మొదట గెజెట్టున ప్రకటింపవలెను. పిదప సెటిల్మెంటు అధికారి ఆ ప్రాంతపు గ్రామములలో దేశభాషలో ప్రకటన చేయించి, అడవియందు హక్కులు గలవారు నిర్ణయించిన గడువులోపల వచ్చి చెప్పుకొనవలసినదని కోరును. చెప్పుకొన్న హక్కునకు విచారణ జరుగును. చెప్పుకొనని హక్కు తుది ప్రకటనతో అంతరించును. కాగితముమీద చూచినప్పుడు ఇందు తప్పుపట్టవలసినది ఏమియు కనబడదు. ప్రకటన ఉన్నది, గడువు ఉన్నది, విచారణ ఉన్నది, అప్పీలు కూడ ఉన్నది. కాని తాతముత్తాతల నాటినుండి అడవికి గొడ్లను తోలుకొనిపోవు మనుష్యునకు అది తన 'హక్కు' అను తలంపే పుట్టదు. ఎండినకట్టె ఏరుకొనుటకును, చెలమలో నీరు త్రాగుటకును ఎవడు దరఖాస్తు పెట్టుకొనును? నోటు వెనుక చెల్లు తేదీని మరువని వాడే ఈ గడువును మరచెననుటకు వీలులేదు. అటువంటి గడువొకటి ఉండునని అతనికి చెప్పినవారే లేరు.

హక్కు పోయినచోట రుసుము వచ్చును. గొడ్లను మేపుకొనుటకు తలకింతయని చెల్లించు ఆ రుసుమునకే పుల్లరి యని పేరు. చెల్లింపనివాని గొడ్లు బందెలదొడ్డికి పోయెడివి. 1921లో, సహాయనిరాకరణపు రోజులలో, పల్నాటి గ్రామములు పుల్లరి కట్టమని ఎదురుతిరిగినవి. అడవి ఉద్యోగులకు చాకలి మంగలి సేవలును, సరకులును అందకుండ కట్టడి చేసిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కడ జరిగిన కాల్పులలో కన్నెగంటి హనుమంతు ప్రాణములు విడిచెను. ఆయన వీరత్వమును పాటలుగ కట్టి నేటికిని పాడుచున్నారు. ఆ మరణమునకు నలుబదియేండ్ల క్రిందట అచ్చైన ఒక శాసనమును, అందులోని ఒక గడువును గురించి మాత్రము ఏ పాటయు లేదు.

ఆ పోరాటకాలమున ప్రజల పక్షమున పల్నాటికి వెళ్ళి నిర్బంధమునకు గురియై చెరసాలకు పోయినవారిలో ఉన్నవ లక్ష్మీనారాయణ ముఖ్యుడు. ఆయన ఈ ప్రాంతపు మనిషి. 1877 డిసెంబరు 4వ తేదీన నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడు గ్రామమున జన్మించెను. నేడా గ్రామము ఫిరంగిపురము మండలమున ఉన్నది. 'మాలపల్లి' నవలాకర్తగ ఆయనను ఎరుగనివారు లేరు. ఆయన చదివిన న్యాయవిద్య ఎటువంటిదో, దానికై ఎంతదూరము పోవలసివచ్చెనో తెలిసికొనుట నేటి విద్యార్థులకు అవసరము.

ఆ కాలమున న్యాయవాదులలో కూడ వర్ణవ్యవస్థ యుండెను. అడుగున రెండవతరగతి ప్లీడరు. అతని వాదము మునసబు కోర్టుతో ఆగిపోవును. అతనికి పైన మొదటితరగతి ప్లీడరు. అతడు జిల్లాకోర్టు దాక పోగలడు. ఆ పైన బి.ఎల్. పట్టము గలిగిన హైకోర్టు వకీలు. అందరికిని మీద, సముద్రము దాటి వచ్చిన బారిష్టరు. మద్రాసు న్యాయకళాశాల 1891లో స్థాపింపబడెను. అంతకుముందు న్యాయశాస్త్ర పాఠములు ప్రెసిడెన్సీ కళాశాలలో జరిగెడివి. గుంటూరు, కృష్ణా, గోదావరి మండలముల పిల్లవాడు బి.ఎల్. చదువవలెనన్నచో మొదట బి.ఏ. ముగించి, ఆ పిదప మద్రాసున కాపురము పెట్టవలెను. ఆ ఖర్చునకు ఓపలేనివారు ప్లీడరు పరీక్షలకు కట్టి క్రింది మెట్లమీద నిలిచిపోయిరి. టంగుటూరి ప్రకాశము మొదట రాజమహేంద్రవరమున రెండవతరగతి ప్లీడరే. వాదనలో ఎంత దిట్టయైనను పైకోర్టులో నోరు మెదపుటకు ఆయనకు అధికారము లేదు. ఆ మెట్టును దాటుటకే 1904లో లండను వెళ్ళి, బారిష్టరై 1907లో తిరిగివచ్చెను. ఈ అంతరువులన్నియు పూర్తిగ తొలగి న్యాయవాదులందరు ఒక్క 'అడ్వొకేటు' తరగతి యగుట 1961 నాటి అడ్వొకేట్ల చట్టముతో గాని జరుగలేదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ కూడ గుంటూరున మొదట బడిపంతులుగను, తరువాత న్యాయవాదిగను పనిచేసిన పిమ్మటనే విదేశమునకు వెళ్ళెను. ఆయన పోయినది లండను కాదు, ఐర్లండులోని డబ్లిను నగరము. 1909లో లండనున మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చిచంపిన పిదప, అచ్చటి భారతీయ విద్యార్థులమీద సర్కారు నిఘా పెరిగెను. బారిష్టరు చదువునకు లండనే గతియని ఎంచక కొందరు యువకులు డబ్లిను త్రోవ పట్టిరి. బరంపురమున పుట్టి తరువాత భారత రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరి 1913లో ఆ నగరమునకే చేరెను. ఉన్నవవారు 1916లో అక్కడనే బారిష్టరైరి.

1916వ సంవత్సరము ఐర్లండు చరిత్రలో మామూలు సంవత్సరము కాదు. ఏప్రిలు నెలలో ఈస్టరు పండుగ మరునాడు డబ్లినులో తిరుగుబాటు చెలరేగెను. తిరుగుబాటుదారులు పట్టుకొన్న కట్టడములలో ఫోర్ కోర్ట్స్ అను ప్రధాన న్యాయస్థాన భవనము కూడ ఉండెను. వారి నాయకుడు పాట్రిక్ పియర్స్ స్వయముగ బారిష్టరు పరీక్ష నెగ్గినవాడు. మరియొక నాయకుడు థామస్ మెక్‌డొనా గిరి చదివిన కళాశాలలోనే ఇంగ్లీషు ఉపన్యాసకుడు. మే 3వ తేదీన సైనికులు ఇద్దరిని కాల్చిచంపిరి. విచారించినది సైనిక న్యాయస్థానము; జ్యూరీ లేదు, విచారణ బహిరంగము కాదు. న్యాయశాస్త్ర విద్యార్థులకు పుస్తకములలో 'బహిరంగ విచారణ'యు 'జ్యూరీ'యు పాఠములుగ చెప్పుచుండగనే, అదే ఊరిలో ఆ పాఠములకు సెలవు ఇచ్చుట జరిగెను. గిరిని అదే సంవత్సరము ఐర్లండు విడిచిపొమ్మనిరి. చట్టము వేరు, ప్రభుత్వము వేరు, రెండును కలిసి నడుచుట దైవవశము కాదు, ఎవరో పట్టుబట్టి నడిపింపవలసినదే యని తెలియుటకు అంతకన్న మంచి తరగతిగది దొరకుట కష్టము.

ఇంతదూరము పోయి చదివిన విద్యతో ఉన్నవ లక్ష్మీనారాయణ మద్రాసు హైకోర్టున వృత్తి ప్రారంభించెను. బారిష్టరునకు కావలసిన ధనమును, గౌరవమును అక్కడ సమృద్ధిగ లభించెడివి. సహాయనిరాకరణ వచ్చెను, ఆంధ్రదేశమున కొండ వేంకటప్పయ్య, ప్రకాశము మొదలగువారితోపాటు ఆయన కూడ ప్రజలలోనికి నడచెను. పల్నాటి గొడ్లకాపరి వ్యాజ్యము చెరసాలకు దారితీసెను. ఆ చెరసాలలోనే 'మాలపల్లి' పుట్టెను. డబ్లినున ఇంగ్లీషులో చదివిన న్యాయశాస్త్రము రాయవేలూరు జైలులో గుంటూరు మండలపు వాడుక తెలుగై పలికినది. భూమి ఎట్లు చేయిజారునో, సాక్ష్యము ఎట్లు తయారగునో, చెరసాల ఎటువంటి మనుష్యులతో నిండునో ఆ నవలలో చదివినవారికి, వ్రాసినవాడు కోర్టును లోపలినుండి చూచినవాడని వేరుగ చెప్పనక్కరలేదు. నవల 1922లో వెలువడగా మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. ఆ నిషేధపు చిక్కులు పూర్తిగ విడుట 1937లో రాజాజీ మంత్రివర్గము వచ్చిన తరువాతనే. 'మాలపల్లి'ని మొదట ఎవరు చదువవచ్చును, ఎవరు చదువరాదు అని నిర్ణయించినది సాహిత్య విమర్శకులు కాదు, ఒక సర్కారు ఉత్తరువు. గ్రంథాలయములవారు ఈ సంగతిని గుర్తుంచుకొనుట మంచిది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట న్యాయవిద్య స్వరూపము మారెను. 1945లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయము వాల్తేరున న్యాయశాస్త్ర బోధన ప్రారంభించియుండెను. 1950 జనవరి 26 నుండి రాజ్యాంగము అమలునకు వచ్చుటతో, అంతకుముందు 'సర్కారు చేసినదే చట్టము' అని చదివిన విద్యార్థి, సర్కారు చేసిన చట్టమును కొట్టివేయు అధికారము కోర్టునకు ఎట్లు వచ్చెనో చదువవలసివచ్చెను. ఆ రాజ్యాంగము వ్రాసినవారిలో నెల్లూరు మండలపు పూదూరున పుట్టిన అల్లాడి కృష్ణస్వామయ్యరు ఉండెను. మద్రాసున న్యాయపట్టము పుచ్చుకొన్న దుర్గాబాయి ఉండెను. స్త్రీలు న్యాయవాదవృత్తికి అర్హులేయని స్పష్టముగ చెప్పిన శాసనము 1923లో గాని రాలేదు. ఆ తరువాత పాతికేండ్లు నిండకముందే ఒక తెలుగు వనిత రాజ్యాంగసభలో కూర్చుండెను.

ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు హైకోర్టు గుంటూరునకు వచ్చెను. 1954 జూలై 5వ తేదీనుండి 1956 నవంబరు మొదటివరకు, అనగా రెండేండ్ల నాలుగు నెలలు, సత్తెనపల్లి కక్షిదారునకు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము రైలెక్కిన పూటలో చేరగల దూరమున ఉండెను. కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి. రాజమహేంద్రవరపు వాడు, మద్రాసు న్యాయకళాశాలలో చదివినవాడు. ఆయన తరువాత సుప్రీంకోర్టునకు పోయి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి యయ్యెను. గోలక్‌నాథ్ తీర్పు మూలమున ఆయన పేరు దేశమంతట మారుమ్రోగినది. కాని పల్లెకు దగ్గరగ వచ్చు తీర్పు మరియొకటి గలదు. న్యాయకళాశాలలలో పరిపాలనా న్యాయము చదువువారందరికిని అది పాఠము. దాని పుట్టుక మాత్రము కృష్ణాజిల్లా బస్సులలో.

1958లో రోడ్డు రవాణా సంస్థ ఏర్పడగా, కృష్ణాజిల్లాలో ప్రైవేటు యజమానులు నడపుచున్న బస్సు మార్గములను ఆ సంస్థకు అప్పగించుటకు ప్రభుత్వము ప్రణాళిక ప్రకటించెను. చట్టము ప్రకారము అభ్యంతరములను వినవలెను. వినిరి కూడ. అయితే విన్నవాడు రవాణా శాఖ కార్యదర్శి. నిర్ణయము చేసినవాడు ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు మున్నగువారు సుప్రీంకోర్టునకు పోయిరి. సుబ్బారావు వ్రాసిన తీర్పు సారాంశమిది: ఒకడు విని మరియొకడు తీర్పు చెప్పినచో వినుట వట్టి తంతు; మరియు ఏ శాఖ ప్రణాళిక తయారుచేసినదో ఆ శాఖ అధికారియే అభ్యంతరములను వినుట తగదు. ప్రభుత్వపు ఉత్తరువు కొట్టివేయబడెను.

తరువాత జరిగినది చెప్పనిచో కథ సగమే యగును. ఈసారి ముఖ్యమంత్రి స్వయముగ కూర్చుండి అభ్యంతరములను వినెను. విని ప్రణాళికను ఖాయపరచెను. బస్సు యజమానులు మరల సుప్రీంకోర్టునకు పోయిరి, ఓడిరి. మార్గములు చేయిదాటినవి. న్యాయశాస్త్రము చదువని వాడు దీనిని విని, అంత ఖర్చుపెట్టి సాధించినదేమని నవ్వవచ్చును. ఆ యజమానులకు సాధనమేమియు లేకపోవచ్చును. కాని ఆ తీర్పు వచ్చిన పిమ్మట, భూమి తీసికొనుటకుగాని, లైసెన్సు రద్దుచేయుటకుగాని వచ్చిన అధికారిని 'విన్నదెవరు, నిర్ణయించినదెవరు?' అని అడుగుటకు ప్రతివానికిని ఆధారము దొరకినది. 1882 నాటి గొడ్లకాపరికి లేనిదదియే.

ఇక భాష మాట. ఈ తీర్పులన్నియు ఇంగ్లీషులోనివి. రాజ్యాంగపు 348వ అధికరణము ప్రకారము, పార్లమెంటు వేరు విధముగ శాసించువరకు సుప్రీంకోర్టునను హైకోర్టులలోను వ్యవహారము ఇంగ్లీషున నడువవలెను. సత్తెనపల్లి కోర్టులో సాక్షి తెలుగున చెప్పును. అది ఇంగ్లీషున వ్రాయబడును. వాదము ఇంగ్లీషున, తీర్పు ఇంగ్లీషున సాగుట నేటికిని పరిపాటి. గెలిచినవాడును ఓడినవాడును తమ తీర్పును మరియొకరిచేత చెప్పించుకొనవలెను. ఈ కొరతను పట్టుకొని జీవితమంతయు పోరాడిన సత్తెనపల్లి వాడొకడు ఉండెను. ఆయన న్యాయవాది కాడు.

వావిలాల గోపాలకృష్ణయ్య 1906లో సత్తెనపల్లిలో పుట్టి, స్వాతంత్ర్యోద్యమమునను గ్రంథాలయోద్యమమునను పనిచేసి, నాలుగు పర్యాయములు ఈ నియోజకవర్గము నుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము వచ్చెను. 1974లో అధికార భాషా సంఘము ఏర్పడగా ఆయనయే ప్రథమాధ్యక్షుడు. తాలూకా కచేరీ ఉత్తరములు, నోటీసులు తెలుగున ఉండవలెనని ఆయన పట్టుబట్టుట కొందరు ఉద్యోగులకు చాదస్తముగ తోచెను. కాని పుల్లరి కథ తెలిసిన ప్రాంతమున పుట్టినవానికి నోటీసు భాష చిన్న సంగతి యెట్లగును?

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. చట్టములను తెలిగించువారు కొన్నిచోట్ల ఇంగ్లీషుకన్న కఠినమైన తెలుగును సృష్టించినారు. దావా, వకాల్తా, జప్తు, జామీను, వాయిదా, తనఖా - ఇవి ఏ భాషనుండి వచ్చినను మూడువందల యేండ్లుగ పల్లె నాలుకపై నానిన మాటలు. వీనిని త్రోసిపుచ్చి నిఘంటువు తీసి కూర్చిన సమాసమును నోటీసులో పెట్టినచో, దానిని చదివించుకొనుటకు మరల వకీలు ఇంటికే పోవలెను. కాలదోషము అను మాటను చూడుడు. దానిని ఏ సంఘమును తీర్మానించి ఈయలేదు. అయినను న్యాయశాస్త్రమంతట అంతకన్న చక్కని తెలుగు మాట దొరకుట అరుదు.

నేడు న్యాయవిద్యకు మద్రాసు పోనక్కరలేదు, డబ్లిను అసలే పోనక్కరలేదు. పట్టభద్రులకు మూడేండ్ల చదువు, ఇంటర్మీడియేటు ముగించినవారికి ఐదేండ్ల చదువు కలవు. గుంటూరునను, నాగార్జున విశ్వవిద్యాలయమునను న్యాయశాస్త్ర బోధన జరుగుచున్నది. హైదరాబాదున 1998లో నల్సార్ విశ్వవిద్యాలయము, విశాఖపట్టణమున 2008లో దామోదరం సంజీవయ్య పేర జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము వెలసినవి. 2019 జనవరి 1 నుండి రాష్ట్రమునకు ప్రత్యేక హైకోర్టు ఏర్పడి, అమరావతి ప్రాంతమున నేలపాడు గ్రామములో కొలువున్నది. గుంటూరు వైభవము మరల కూతవేటు దూరమునకు వచ్చినట్లే. లాసెట్ ప్రవేశపరీక్షను తెలుగున చదివి వ్రాయవచ్చును. లోపల అడుగు పెట్టిన పిదప పాఠము, పుస్తకము, పరీక్ష చాలవరకు ఇంగ్లీషే. పల్లెనుండి వచ్చిన విద్యార్థి మొదటి రెండేండ్లు చట్టముతో కాక భాషతో కుస్తీ పట్టుచుండును. జాతీయ విశ్వవిద్యాలయములలో చదివినవారు పలువురు పెద్ద కంపెనీల కొలువులకు పోవుచున్నారు. అప్పుచేసి ఫీజు కట్టిన కుటుంబములను చూచినచో వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. బారిష్టరీ విడిచి చెరసాలకు పొమ్మని ఎవరును ఎవరికిని చెప్పలేరు.

న్యాయకళాశాలలు గ్రామములలో న్యాయసహాయ శిబిరములు నడపవలెనను ఏర్పాటు ఉన్నది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము 1995లో అమలునకు వచ్చెను. దాని ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములకు తెగలకు చెందినవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగ న్యాయవాదిని ఏర్పరచవలెను. ఈ సంగతి తెలియక తాళిబొట్టు తాకట్టు పెట్టి కోర్టుఖర్చు కట్టు ఆడవారు నేటికిని గలరు. శిబిరములలో విద్యార్థులు వచ్చుట, తెరకట్టుట, ఫోటో తీయించుకొనుట, సాయంకాలపు బస్సునకు వెళ్ళిపోవుట జరుగుచున్నది. అందరును అట్లే చేయుదురని కాదు. కాని ఒక పూట వచ్చి పోయినవారికి ఊరిలో ఏ నోటీసు గడువు ఎప్పుడు ముగియునో తెలియుటకు అవకాశము లేదు.

గడువుల కాలము గతించినదనుకొనుట పొరపాటు. 2014, 2015 సంవత్సరములలో రాజధానికై భూసమీకరణ జరిగినప్పుడు, నాటి సత్తెనపల్లి తాలూకాకు చేరిన అమరావతి ప్రక్కలనే, రైతులయెదుట సమ్మతికి ఒక ఫారము, అభ్యంతరమునకు ఒక ఫారము నిలిచెను. ఏ ఫారమున సంతకము చేసిన ఏమగునో చదివి చెప్పగల పిల్లవాడు ఇంట ఉన్న రైతునకును, లేని రైతునకును ఎంత వ్యత్యాసము! 2023 అక్టోబరు చివర ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల చట్టము అమలునకు వచ్చెను. హక్కుల రిజిస్టరులో ఒకరి పేరు ఎక్కిన పిమ్మట రెండేండ్లలోపల ఎవరును అభ్యంతరము చెప్పనిచో ఆ నమోదే తుదియని అందులో ఉండెను. సివిలు కోర్టునకు తలుపు మూయబడెను. రాష్ట్రమంతట న్యాయవాదులు కోర్టు పనులు మానిరి. 2024లో ఆ చట్టము రద్దయ్యెను. దాని మంచిచెడ్డలను గురించి విజ్ఞులలో భేదాభిప్రాయములు కలవు. ఆ చర్చ ఇచట అప్రస్తుతము. రద్దైనది ఆ చట్టము మాత్రమే. ప్రకటన, గడువు, మౌనమే అంగీకారము - ఈ పద్ధతి 1882లో ఉండెను, 2023లో ఉండెను, ఇకముందు వచ్చు శాసనములలోను ఉండును. నూటనలుబదియేండ్ల వ్యవధిలో ఒక్క మార్పు జరిగినది. ఈసారి పల్లెలలో టీకొట్లకడ రైతులు ఆ రెండేండ్ల మాటను చర్చించుకొనిరి.

ఇందు గ్రంథాలయమునకు పని కలదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో బెజవాడలో పుట్టినప్పుడు పల్లెలలో పత్రిక చదివి వినిపించుటయే మొదటి పని. 1960 నాటి గ్రంథాలయముల చట్టము వచ్చిన తరువాత, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును గ్రామస్థులు కట్టుచున్నారు. రసీదును తిప్పి చూచినచో కనబడును. అనగా గ్రంథాలయోద్యమమునకు పల్లెలో ఆధారముగ నిలిచినది ఒక శాసనమే. ఆ శాసనమును ఎంతమంది సభ్యులు చదివినారో నిర్వాహకులు సెలవీయవలెను.

రాజ్యాంగపు తెలుగు ప్రతి, పంచాయతీరాజ్ చట్టము, సమాచార హక్కు చట్టము - ఈ మూడింటిని ఇంటికి ఇచ్చు పుస్తకములలో కాక బల్లమీద ఉంచవలెను. రెవిన్యూ, పంచాయతీ, అటవీ శాఖలనుండి ఊరికి వచ్చు ప్రతి ప్రకటనను గుమాస్తా ఒక రిజిస్టరులో ఎక్కించి, వచ్చిన తేదీ ఒక గడిలో, గడువు ముగియు తేదీ మరియొక గడిలో వ్రాయవలెను. న్యాయకళాశాలలో చదువుచున్న ఊరి పిల్లలు సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు సాయంకాలములు ఆ రిజిస్టరు ముందు కూర్చుండి, అందులోని ఇంగ్లీషును నోటు, చెల్లు, వాయిదా భాషలోనికి మార్చి వినేవారికి చెప్పవలెను. కోర్టులో వాదించుటకు వారికి ఇంకను పట్టము రాకపోవచ్చును. చదివి చెప్పుటకు పట్టముతో పనిలేదు.

ఖర్చు ఒక గీతల పుస్తకపు వెల. మొదటి పుటలో ఎక్కింపదగిన నోటీసు ఈపాటికే పంచాయతీ కచేరీ గోడమీద అంటించియుండవచ్చును.